శవాల కవచం, దొరల ఆట

మా అధ్యయన బృందంలో ఈ విషయం ఎత్తంగనే ఒక లెక్చరర్ మిత్రుడు నవ్విండు. "అమెరికావోళ్లు సెలవురోజు ఇనుప చొక్కాలు తొడుక్కొని కర్రలతో కొట్టుకుంటే మనకేంది నొప్పి? మన ఊళ్లల్ల బట్టలిప్పి కొట్టిన కేసులే ఇంకా తేలలేదు గదా" అన్నడు. ఆయన మాటలో న్యాయముంది. మా జవాబు కూడా ఆ మాటలోనే ఉంది. దళితుణ్ణి కొట్టేవాడు ముందు వాడి బట్టలెందుకు ఇప్పుతాడు? బట్ట ఒంటిని కప్పే గుడ్డ మాత్రమే కాదని వాడికి బాగా తెలుసు గనక. మరి ఒళ్లు దాచుకోవడానికి కాక, ఫలానావాణ్ణి అని చూపించుకోవడానికే బట్టలు కుట్టుకొని వేల మంది ఒకచోట చేరుతున్నారంటే, వాళ్లు ఎవరి బట్టలు కుట్టుకుంటున్నారు, ఎవరివి వదిలేస్తున్నారు అని అడిగే హక్కు మనకు లేదా?

1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక ఇంటి పెరట్లో కొందరు విద్యార్థులు, కాల్పనిక సాహిత్యం చదివేవాళ్లు కలిసి మధ్యయుగపు వేషాల్లో టోర్నమెంటు పెట్టుకున్నారు. దాంట్లోంచి సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం పుట్టింది. ఇప్పుడు దానికింద ఇరవై "రాజ్యాలు" ఉన్నాయి. ఒక్కో రాజ్యానికి రాజు, రాణి, కింద బారన్లు. 1972 నుంచి పెన్సిల్వేనియాలో ఏటా పెన్సిక్ యుద్ధం జరుగుతుంది. పది వేలకు అటూ ఇటూగా జనం గుడారాలు వేసుకుని రెండు వారాలు ఉంటారు. అక్కడ బజారు, బడి, వంటశాల, కచేరీ అన్నీ ఉంటాయి. యుద్ధంలో ఇనుప కత్తులు ఉండవు, పేము కర్రలే. కవచాలు మాత్రం నిజం.

విమర్శ మొదలుపెట్టే ముందు, ఈ ఆటలో మాకు నచ్చినవి చెప్పుకోవాలి. కొత్తగా వచ్చినవాడికి పాతకాలపు దుస్తులు లేకపోతే గుంపులోవాళ్లే అరువిస్తారు. ఇందుకోసం చాలాచోట్ల ఒక బట్టల పెట్టె ఉంటుంది, దాన్ని చూసుకునే మనిషి ఉంటాడు. బట్ట లేదని ఎవర్నీ గుమ్మం బయట నిలబెట్టరు. రెండోది, ఎవరి పేరు వాళ్లు పెట్టుకుంటారు, ఎవరి డాలు గుర్తు వాళ్లు గీసుకుంటారు. ఇంకొకరి గుర్తుతో కలవకుండా చూసి రిజిస్టరు చేసే పండితులు ఉంటారు. అమ్మానాయినలు పుల్లయ్య అని పెడితే ఊరంతా పుల్లిగాడని పిలిచిన అనుభవం మాలో చాలామందికి ఉంది. తన పేరు తానే రాసుకునే మనుషుల్ని చూస్తే కొంచెం అసూయ కలిగిన మాట నిజం. మూడోది అన్నిటికన్నా పెద్దది. యుద్ధంలో దెబ్బ తగిలిందా లేదా అన్నది రెఫరీ తేల్చడు. దెబ్బ తిన్నవాడే చెప్పాలి. వాడి మాటే చెల్లుతుంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపితే, ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. దెబ్బ తిన్నవాడి మాట చెల్లే చోటు భూమ్మీద ఆటలో మాత్రమే ఉందా అనిపించింది మాకు.

ఇంతవరకు సరే. ఇప్పుడు బట్టల దగ్గరికి వద్దాం. ఈ సొసైటీలోకి అడుగుపెట్టిన ప్రతివాణ్ణీ చిన్నపాటి కులీనుడిగానే లెక్కగడతారు. ఒకర్నొకరు "మై లార్డ్", "మై లేడీ" అని పిలుచుకుంటారు. మధ్యయుగం ఎట్లా ఉండిందో అట్లా కాదు, ఎట్లా ఉండాల్సిందో అట్లా ఆడుకుంటామని వాళ్లే చెప్పుకుంటారు. వినడానికి బాగానే ఉంది, అందరూ దొరలే అంటే దొరతనమే పోయినట్టు గదా అని. కానీ "నీ బాంచన్ దొరా" అన్న నోటితో తాతలు బతికిన నేల మీద నిలబడి చూస్తే ఇంకోటి కనబడుతుంది. అందరూ దొరలైన లోకంలో పొలం దున్నింది ఎవరు? ఆ లార్డు తొడుక్కున్న ఉన్ని చొక్కాకు గొర్రెను కాచింది ఎవరు?

అసలు మధ్యయుగంలో ఇట్లా ఎవరికి తోచిన బట్ట వాళ్లు కట్టుకునే వీలుందా? ఇంగ్లండులో 1363లో ఒక చట్టం చేశారు. 1348-49 మహమ్మారిలో కూలీలు లక్షల్లో చచ్చిపోయారు. మిగిలినవాళ్లకు కూలిరేట్లు పెరిగాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడేసరికి కొంచెం మంచి బట్ట కట్టారు. అది పైవాళ్లకు గిట్టలేదు. బండి తోలేవాళ్లు, నాగలి పట్టేవాళ్లు, పశువులు కాసేవాళ్లు, కళ్లం తొక్కేవాళ్లు, నలభై షిల్లింగుల సొత్తు కూడా లేనివాళ్లు ముతక ఉన్ని తప్ప ఇంకే గుడ్డా కట్టకూడదని శాసించారు. అమలు చేయలేక రెండేళ్లలోపే రద్దు చేసుకున్నారు. చేయలేకపోయారు సరే, చేయాలనుకున్నారు గదా! 1215లో నాలుగో లాటరన్ మహాసభ యూదులూ ముస్లిములూ బట్టల్లోనే వేరుగా కనబడాలని తీర్మానించింది. ఇంగ్లండులో యూదుల ఛాతీ మీద గుడ్డ బిళ్ల కుట్టించారు. ఛాతీ మీద బట్ట గురించి 1859లో తిరువాన్కూరు నాడార్ స్త్రీలు ఏం పోరాడారో మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఈ బిళ్లలు కుట్టుకుని ఆడేవాళ్లు మాత్రం మేము చదివిన వర్ణనల్లో కనబడరు. వాళ్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అవమానాన్ని ఆటగా ఆడమని ఎవర్నీ అడగం. కానీ వదిలేసిన సంగతిని వదిలేశామని ఒప్పుకోవాలి. మధ్యయుగంలోంచి వెట్టినీ, రోగాన్నీ, మురికినీ తీసేశామని వాళ్లు ఉదారంగానే చెప్తారు. అంతస్తుల్ని మాత్రం తీసేయలేదు. తెల్ల నడికట్టు నైటు తప్ప ఇంకెవరూ ధరించకూడదు. నైటు దగ్గర నేర్చుకునేవాడికి ఎర్ర పట్టీ, కళలు నేర్చుకునేవాడికి పచ్చ పట్టీ ఆనవాయితీ. నడికట్టు రంగు చూసి మనిషి ఎంతటివాడో దూరం నుంచే తెలిసిపోతుంది. మాకు ఈ విద్య కొత్తకాదు. పంచె ఎంత కిందికి దిగిందో చూసి కులం చెప్పే కళ్ల మధ్యే పెరిగాం.

అయితే ఒక తేడా ఉంది, దాన్ని దాచడం నిజాయితీ కాదు. అక్కడ రంగు పుట్టుకతో రాదు. కుట్టుపనికీ, తోలుపనికీ, వంటకూ ఇచ్చే లారెల్ బిరుదు, గిన్నెలు కడిగి పందిళ్లు వేసి లెక్కలు రాసి సేవ చేసినవాళ్లకిచ్చే పెలికన్ బిరుదు, నైటు బిరుదుతో సమానం. అంట్లు తోమినందుకు నైటుతో సమానమైన గౌరవం! కానీ కిరీటం మాత్రం పెలికన్‌కు పెలికన్‌గా రాదు. కొట్లాటలో గెలిచినవాడే రాజు, సాధారణంగా ఆరు నెలలు. సేవకు సన్మానం, బలానికి గద్దె. ఈ పంపకం కూడా మాకు తెలిసిందే.

ఇక కవచం. ఇక్కడే మా అసలు మాట ఉంది.

ఈ ఆటగాళ్లకు బాగా ఇష్టమైన కవచాల్లో విస్బీ కవచమని ఒకటుంది. గుడ్డకో తోలుకో లోపలివైపు ఇనుప రేకుల్ని రివెట్లతో బిగించిన చొక్కా. దీని నమూనా ఏ రాజు ఆయుధశాలలోంచీ రాలేదు. స్వీడన్‌కు చెందిన గోట్లండ్ దీవిలో విస్బీ పట్నం గోడల బయట, సామూహిక గోతుల్లోంచి వచ్చింది. 1361 జులై 27న డెన్మార్కు రాజు వాల్డెమార్ సైన్యం ఆ దీవి రైతుల్ని గోడ ముందు నరికేసింది. చచ్చినవాళ్లు సుమారు 1,800 మంది అని అంచనా. గోడ లోపలి వర్తకులు తలుపులు తెరవలేదు. రైతులు చచ్చాక రాజుతో రాజీపడ్డారు. 1905 నుంచి 1930 దాకా దఫదఫాలుగా తవ్వితే వెయ్యి మందికి పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిలో పిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు, కుంటివాళ్లున్నారు. కాళ్ల ఎముకల మీదే ఎన్నో గాట్లు. పుర్రెకు ఇనుప వలయాల ముసుగు అట్లాగే అంటుకుపోయి ఉంది. బెంగ్ట్ థోర్డెమాన్ 1939లో అచ్చేసిన పెద్ద గ్రంథంలో ఆ కవచాల్ని రకాలుగా విడదీసి ఒక్కో రేకునూ గీయించాడు. ఇవాళ ఆటగాళ్లు కత్తిరించే నమూనాకు మూలం అదే.

మామూలుగా యుద్ధమయ్యాక శవాల మీది ఇనుమును వలుచుకుంటారు. అది ఖరీదైన సరుకు. విస్బీలో ఎందుకు వదిలేశారు? నడివేసవి, శవాలు కుళ్లిపోయాయి, ముట్టుకోలేక ఉన్నపళాన పూడ్చారని పరిశోధకులు చెప్తారు. ఆ కవచాలు అప్పటికే పాతబడ్డవి కూడా. అంటే తాత తొడిగిన చొక్కాతోనే మనవడు చావుకు పోయాడన్నమాట. ముట్టుకోలేని శవాలు గనకే చరిత్రకు కవచం మిగిలింది.

గోట్లండ్ రైతులు వెట్టివాళ్లు కారు, సొంత భూములున్న స్వతంత్రులు. వాళ్లను తెచ్చి మన మాలమాదిగల పక్కన నిలబెట్టి ఒకటే అనడం చరిత్రకు ద్రోహం. కానీ మనువు చండాలుడికి శవాల మీది బట్టలు రాసిపెట్టాడు. అక్కడ శవం బట్ట కట్టుకున్నవాడు అంటరానివాడు. ఇక్కడ రైతు శవం మీది కవచాన్ని కొలతలు తీసి తొడుక్కున్నవాడు నైటు. తెల్ల నడికట్టు కింద ఉన్నది తలుపు తెరవని గోడ ముందు చచ్చిన ముసలివాడి చొక్కా అని తొడుక్కున్నవాడికి తెలుసా? చాలామందికి తెలుసు. వాళ్లు చదువరులు, థోర్డెమాన్‌ను మాకన్నా బాగా చదివారు. తెలిసీ ఆ రైతుగా ఆడకుండా నైటుగా ఆడుతున్నారంటే అజ్ఞానం కాదు, అభిరుచి. అభిరుచికి కూడా వర్గం ఉంటుందని మేమంటున్నాం.

తోలు సంగతి ఇంకా ఘోరం. కవచం పట్టీలు, బూట్లు, ఒరలు, నడికట్టు, తల నుంచి కాలిదాకా తోలే. తోలు ఊనినవాడు ఎక్కడున్నాడు? లండన్ పట్నానికి తోళ్లు ఊనింది నదికి అవతల, బెర్మండ్సీలో. సున్నం, మూత్రం, కుక్కపెంట, ఓక్ చెట్టు చెక్క, నెలలకు నెలలు గుంటల్లో నానబెట్టడం. మన మాదిగ లంద దగ్గర సున్నం, తంగేడు చెక్క. వాసన ఒకటే, వాడకు దూరంగా ఉండటమూ ఒకటే. జర్మన్ పట్టణాల్లో చచ్చిన పశువును లాగేసే వృత్తిని "గౌరవంలేని వృత్తి" అనేవారు. వాడితో కలిసి తాగినా, వాడి పనిముట్టు ముట్టినా వృత్తిసంఘంలోంచి వెలివేసేవారు, ఇది 18వ శతాబ్దం దాకా సాగింది. ఫ్రాన్సు నైరుతి మూలన కాగోలనే జనానికి చర్చిలోకి వేరే తలుపు, వేరే పవిత్రజలం తొట్టి. అంటరానితనం మా ఒక్కరి సొత్తని చెప్పే పండితులు ఆ తలుపుల్ని పోయి చూడాలి. కొన్ని చర్చిల గోడల్లో ఇప్పటికీ ఉన్నాయి.

అట్లాగని కష్టం చేసే మధ్యయుగాన్ని ఎవరూ తలవలేదని కాదు. ఫ్రాన్సులోని గెడెలాన్‌లో 1997 నుంచి 13వ శతాబ్దపు పద్ధతుల్లో ఒక కోట కడుతున్నారు. అక్కడ చూడటానికి వచ్చేది రాజును కాదు, రాయి కొట్టేవాణ్ణి, సున్నం కాల్చేవాణ్ణి. పనివాళ్లకు జీతాలున్నాయి. ఆటకు అదొక దారి.

ఇంకొక గొలుసు మన దేశం దాకా వస్తుంది. వలయాల చొక్కా ఒకటి అల్లాలంటే ఇరవై ముప్పై వేల ఇనుప రింగులు కావాలి. అమెరికా యూరప్ ఆటగాళ్లు చవకగా కొనే ఇట్లాంటి చొక్కాలు, శిరస్త్రాణాలు చాలావరకు మన ఉత్తరాదిలో, డెహ్రాడూన్, మీరట్ వైపు, తయారై ఓడెక్కుతాయి. ఒక్కో రింగునూ రివెటు కొట్టి మూసే వేళ్లు ఎవరివి, రోజుకు ఎంత గిట్టుతుంది అని ఆటగాళ్ల ముచ్చట్లలో వినబడదు. రివెటు చక్కగా కూచుందా లేదా అన్నదే ముచ్చట. మన విద్యార్థుల్లో ఎవరైనా ఈ కార్ఖానాల మీద పీహెచ్‌డీ చేస్తే మేము అచ్చేస్తాం.

ఇదంతా నిరపాయమైన సరదా అనేవాళ్లకు రెండు సంగతులు. 2017 ఆగస్టులో వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో తెల్లజాతి దురహంకారులు ఊరేగినప్పుడు కొందరు పవిత్ర రోమన్ సామ్రాజ్యపు నల్ల గద్ద గుర్తు డాళ్లు పట్టుకొచ్చారు. ఆ సామ్రాజ్యానికి రక్షకుడైన సంతుడు మారిస్. జర్మనీలోని మాగ్డెబర్గ్ కెథడ్రల్‌లో 1240-50 నాటి ఆయన శిల్పం ఉంది. ఆయన నల్లవాడు. పైగా రేకుల కవచం తొడిగిన మనిషిని చూపే తొలి శిల్పాల్లో అదొకటి. కవచాల చరిత్ర రాసేవాళ్లు ఆ నల్లమనిషిని దాటిపోలేరు. డాలు మోసినోడికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. రెండోది, 2018 జనవరిలో ఈ సొసైటీలోనే, దక్షిణ కాలిఫోర్నియా వైపు రాజ్యంలో, రాజూ రాణీ స్వస్తికలున్న అంచు కుట్టిన దుస్తులతో సభకొచ్చారు. గొడవైంది, గద్దె దిగారు. పాతకాలపు నేతలో అది ఉందని వాదించినవాళ్లూ లేకపోలేదు. నేతలో ఉండొచ్చు. మన ద్వారబంధాల మీదా ఉంది. గుడ్డ మీది గుర్తు ఏ చేతుల్లో ఎట్లా తిరిగి వచ్చిందో మర్చిపోయి చరిత్ర కుట్టడం కుదరదని అక్కడి సభ్యులే గట్టిగా నిలబడి చెప్పారు. వాళ్లను మెచ్చుకోవాలి.

మనకూ ఇట్లాంటి యుద్ధం ఒకటుంది. పల్నాడులో కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు 12వ శతాబ్దపు పోరును తిరిగి నడుపుతారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలు ఊళ్లనుంచి వస్తాయి. మందపోరు నాడు చాపకూడు. సేనకు నాయకుడు మాల కన్నమదాసు. కథ పాడే వీరవిద్యావంతులు మాలలు. ఇక్కడ ఎవరూ పేరు ఎంచుకోరు, ఆయుధం తండ్రి నుంచి వస్తుంది. పెన్సిక్‌లో లేనిది ఇక్కడుంది: సేనాపతి దళితుడు. పెన్సిక్‌లో ఉన్నది ఇక్కడ లేదు: ఒకే చాప మీద తిన్నవాళ్లు ఆరో రోజు పొద్దున ఎవరి వాడకు వాళ్లు పోతారు.

లెక్చరర్ మిత్రుడికి ఈ వ్యాసం చిత్తుప్రతి చూపించాం. అంతా చదివి, కన్నమదాసు ఏ బట్ట కట్టి యుద్ధానికి పోయిండో పాటల్లో ఏమన్న ఉందా అని అడిగిండు. వచ్చే కార్తీకానికి ఇద్దరం విద్యార్థులతో కారెంపూడి పోతున్నాం.