నెమ్మది రెండు రకాలు

వేగంగా పోయే బండి కంటే నెమ్మదిగా పోయే బండికే ఇంజను ఎక్కువగా వేడెక్కుతుందన్న సంగతి తారురోడ్డు దిగని వారికి వింతగా తోచవచ్చు గాని, రాళ్లలో, బురదలో జీపులు నడిపే వారికి అది నిత్యానుభవం. గంటకు 50, 60 కిలోమీటర్లు దాటితే ఎదురుగాలే రేడియేటర్‌ను, అంటే ఇంజను వేడిని మోసుకొచ్చే కూలెంట్ చల్లబడే సన్నని గొట్టాల చట్రాన్ని, చాలావరకు చల్లారుస్తుంది. వేగం అంతకు తగ్గినప్పుడు ఆ భారమంతా ఫ్యాన్‌దే. అయితే నెమ్మదిలోనూ రకాలున్నాయనీ, ఏ ఫ్యాన్ మేలన్న వాదం ఎడతెగకపోవడానికి కారణం ఆ తేడాను పట్టించుకోకపోవడమేననీ కోల్‌కతా సాల్ట్ లేక్‌లో ఉంటూ ఉత్తర బెంగాల్ కొండలెక్కే బండిని చూస్తే తెలుస్తుంది.

ఆఫీసులు వదిలే వేళ ఈఎం బైపాస్ మీద ఇరుక్కున్న బండిలో ఇంజను నిమిషానికి 800 చుట్లకు మించి తిరగదు. ఉత్తరపాడాలో 2014 వరకు తయారైన అంబాసిడర్‌లో వలె ఫ్యాన్ వాటర్ పంపు ఇరుసుకే బిగించి, బెల్టుతో తిరిగేదైతే, ఇంజనుతోపాటు అదీ మందగిస్తుంది. గాలి అత్యవసరమైన సమయానికే అది అందకుండా పోతుంది. ఉత్తర బెంగాల్ కొండల్లో మానేభంజన్ నుంచి 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూకి సుమారు 31 కిలోమీటర్ల నిటారు దారిలో 1950ల నాటి లాండ్ రోవర్లు, వాటిలో చాలావరకు తర్వాత మహీంద్రా డీజిల్ ఇంజన్లు పెట్టినవి, ప్రయాణికులను మోసిన తీరు దీనికి పూర్తిగా వేరు. అక్కడ బండి మనిషి నడకకు కొంచెం ఎక్కువ వేగంతో పోతున్నా లో గేర్‌లో ఇంజను జోరుగానే తిరుగుతుంది కనుక, దానికి కట్టుబడిన ఫ్యాన్ కూడా అంతే జోరుగా గాలి లాగుతుంది. పైగా శిఖరం దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గరి దానిలో దాదాపు 70 శాతమే కనుక ఎంత లాగినా ఎక్కువ కాదు.

బెల్టు ఫ్యాన్ మీద ఉన్న ఫిర్యాదు న్యాయమైనదే. వేగం రెట్టింపైతే ఫ్యాన్ తినే శక్తి ఎనిమిది రెట్లవుతుంది కనుక, హైవే మీద అది అవసరం లేని గాలి కోసం ఇంజను బలాన్ని వృథా చేస్తుంది. దీనికి విరుగుడుగా వచ్చిందే విస్కస్ క్లచ్: చిక్కటి సిలికోన్ నూనె నింపిన ఈ డబ్బీలో, రేడియేటర్ దాటి వచ్చే గాలి వేడికి రెండు లోహాల పట్టీ వంగి నూనెకు దారి తెరిచినప్పుడే ఫ్యాన్ ఇంజనును గట్టిగా అందుకుంటుంది, చల్లగా ఉంటే జారుతుంది.

విద్యుత్ ఫ్యాన్‌కు ఇంజను వేగంతో పని లేదు, కరెంటుతోనే పని. 12 వోల్టుల మీద 360 వాట్ల మోటారు 30 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. పాత లాండ్ రోవర్ డైనమో ఇవ్వగలిగింది సుమారు 20 మాత్రమే. కోల్‌కతా మల్లిక్ బజార్‌లో పాత ఫ్యాన్ చవకగా దొరికిందని బిగించి, ఆల్టర్నేటర్‌ను, రిలేను, వైరు మందాన్ని మరిచిపోవడం అందుకే తెలివైన పొదుపు అనిపించుకోదు. ఏడాదిలో అధికభాగం ట్రాఫిక్‌లో గడిపే సాల్ట్ లేక్ బండికి, ఈ హంగులన్నీ ఉంటే, విద్యుత్ ఫ్యానే తగినది. కొండమీద అద్దెకు తిరిగే బండికి మాత్రం బెల్టు ఫ్యానే నయం, ఎందుకంటే అందులో చెడిపోయే భాగాలు తక్కువ, స్పేర్ బెల్టు ఒకటి సీటు కింద పడి ఉంటే చాలు.

నీళ్ల సంగతి వేరు. 1962లో పని మొదలుపెట్టి, హుగ్లీ ఇసుకమట్టిని గొట్టాలతో తోడిపోసి, ఉప్పు చిత్తడిని ఎత్తు చేసి కట్టిన సాల్ట్ లేక్‌లో కుండపోత వానకు ఐదో సెక్టారు వీధులు మునగడం మామూలే. నీళ్లలో తిరిగే రెక్కలు ముందుకు వంగి రేడియేటర్‌నే కోయగలవు కనుక జీపు డ్రైవర్లు లోతు నీళ్లు దాటే ముందు బెల్టు ఊడదీసేవారు. వాటర్ పంపు కూడా ఆ బెల్టుతోనే తిరిగే ఇంజన్లలో ఇది కొద్ది నిమిషాల ఉపాయమే. విద్యుత్ ఫ్యాన్‌ను ఆపడానికి డాష్‌బోర్డులో స్విచ్చి పెడితే సరిపోతుంది గాని, గట్టెక్కాక దాన్ని మళ్లీ వేయడం మరిచే వారే ఎక్కువ కనుక, స్విచ్చి పక్కన ఒక ఎర్రదీపం కూడా పెట్టించుకోవడం మంచిది.