ముఖ్య అతిథి కుర్చీ

పుస్తకావిష్కరణ సభలంటే నాకెంత చిరాకో ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. శాలువా, జ్ఞాపిక, మైకు వదలని ముఖ్య అతిథి, చివర్లో రెండు నిమిషాలు దొరికే రచయిత. ఈ తంతు ఎత్తేస్తే పీడా పోతుందని ఎన్నోసార్లు రాశాను.

ఈ వారం అరవైల నాటి ‘హాపెనింగ్స్’ మీద ఒక డాక్యుమెంటరీ చూశాక ఆ పంతం ఇంకా బిగిసింది. 1959లో న్యూయార్క్‌లో అలన్ కాప్రో అనే కళాకారుడు ఒక గ్యాలరీని ప్లాస్టిక్ షీట్లతో మూడు గదులు చేశాడు. వచ్చినవాళ్లకు కార్డులు పంచాడు, ఎప్పుడు ఏ గదిలోకి వెళ్లాలో చెబుతూ. ఒకచోట ఎవరో నారింజపళ్లు పిండుతుంటారు. కథ లేదు, వేదిక లేదు, అతిథి లేడు. ప్రాణానికి హాయిగా అనిపించింది.

అంతలో అరవైల నాటి మన దిగంబర కవులు ఆరుగురూ గుర్తొచ్చారు. బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజు అయ్యాడు, మిగతా అయిదుగురూ అలాగే పాత పేర్లు వదిలేశారు. వారాలకూ రుతువులకూ కొత్త పేర్లు పెట్టుకున్నారు. తమ కవితల మొదటి సంపుటిని 1965 మేలో హైదరాబాద్‌లో అర్ధరాత్రి పూట ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండోదాన్ని 1966 డిసెంబరులో విజయవాడలో ఒక హోటల్ కార్మికుడు. మూడోది 1968 సెప్టెంబరులో మన విశాఖలోనే, బిచ్చమెత్తుకునే ఒకావిడ చేతుల మీదుగా. ఉక్కు ఫ్యాక్టరీ కోసం సాగిన ఉద్యమం మీద ఈ ఊళ్లో తుపాకులు పేలి అప్పటికి రెండేళ్లయినా నిండలేదు. ఫ్యాక్టరీ ఇస్తామన్న మాట ఢిల్లీ నుంచి ఇంకా రాలేదు.

చూడండి, ఆ కవులు సభను ఎత్తేయలేదు. పుస్తకం ఉంది, ఆవిష్కరణ ఉంది, పెద్దమనిషి స్థానమూ ఉంది. అందులో ఎవరు నిలబడాలన్నదే మార్చారు. ఆ తంతుకు జనంలో విలువ ఉండబట్టే దెబ్బ తగిలింది. కాప్రోలా అన్నీ తీసిపారేస్తే ఆవిడ చేతిలోని పుస్తకానికి అంత బరువు ఎక్కడిది? అలాంటి తంతే తర్వాతా పనికొచ్చింది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి జరిగిందీ ఈ ఊళ్లోనే. రచయితలు ఎటువైపో తేల్చుకోమని విద్యార్థులు కరపత్రం పంచింది ఆ సన్మాన సందర్భంలోనే. జూలైకల్లా విప్లవ రచయితల సంఘం, విరసం, పుట్టింది.

అందుకే సభలు ఉండనివ్వండి. అతిథిగా రమ్మని నన్ను అడగబోయే మిత్రులారా, ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు ఎండబెట్టే ఆవిడను పిలవండి. పుస్తకం చేతికిచ్చి ఫొటో తీసుకుని పంపేయకండి. మైకూ ఇవ్వండి, ఆవిడ చెప్పదలచుకున్నంతా చెప్పనివ్వండి.