వేళ్ల చివర బతికిన నాట్యం

ఇరానీ నాట్యంలో పాదాల కోసం చూస్తే పెద్దగా ఏమీ కనపడదు. అడుగులు చిన్నవి, తేలికైనవి. పనంతా నడుముకు పైనే. మణికట్టు నింపాదిగా సున్నా చుడుతుంది, వేళ్లు ఒకదాని వెంట ఒకటి విచ్చుకుంటాయి, చేతులు ముఖం చుట్టూ వంపులు తిరుగుతాయి, భుజాలు సన్నగా అదురుతాయి, ఒక కనుబొమ లేస్తుంది. వెనక తొంబక్ అనే డోలు మీద ఆరు-ఎనిమిది లయ. హుషారు ముదిరితే 'బెష్కన్': రెండు చేతులూ జతచేసి ఒక చేతి వేలిని రెండో చేతి మీద కొట్టి వేసే చిటిక. గది అవతలికి వినిపిస్తుంది.

కూచిపూడిలో పతాక హస్తానికి ఫలానా వినియోగాలని శాస్త్రం చెబుతుంది. ఇరానీ చేతులు కథ చెప్పవు. ఏ కదలిక తర్వాత ఏది రావాలో ఆడే మనిషే అప్పటికప్పుడు తేల్చుకోవాలి. దీనికి లక్షణ గ్రంథం లేదు. అమ్మను, పిన్నిని, పెళ్లింట చుట్టాలను చూసి ఆడపిల్లలు నేర్చుకున్నారు. మగవాళ్లు లేని గదుల్లో ఆడవాళ్లు ఆటపాటలూ కట్టారు. 'ఖాలె రోరో'లో ఒకామె గర్భిణిగా నటిస్తూ ఆడుతుంటే, తక్కినవాళ్లు ఎన్నో నెలని పాడుతూ అడుగుతారు.

1958లో ఏర్పడిన ఇరాన్ జాతీయ బాలే సంస్థ 1979 విప్లవంతో మూతపడింది. మగవాళ్ల ఎదుట స్త్రీ నర్తించడం నిషిద్ధమైంది. నాట్యానికి వాడే 'రక్స్' అనే మాటే వేదిక మీంచి తప్పుకుని 'హరకాతె మౌజూన్', అంటే లయబద్ధమైన కదలికలు, అన్న పేరు వచ్చింది. కానీ ఇంటి గదికి తాళం వెయ్యడం ఏ ప్రభుత్వం వల్లా కాలేదు.

దేశం విడిచినవాళ్లలో చాలామంది లాస్ ఏంజెలెస్ చేరారు. మగ సూటు వేసుకుని, టోపీ పెట్టుకుని టెహ్రాన్ వీధి మొనగాళ్ల నడకను ఆడి చూపిన సినీ నర్తకి జమీలే వాళ్లలో ఒకరు. ఆ తర్వాతి తరంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది బనఫ్షే సయ్యాద్. ఇరానీ చేతుల వంపుల్ని ఫ్లమెంకోతో కలిపి, బహిరంగంగా మగవాళ్లే చేస్తూ వచ్చిన సూఫీ భ్రమణాన్ని ఆమె తన నాట్యానికి ఇరుసు చేసుకున్నారు.

ప్రవాసంలో పోస్టర్లు తరచుగా 'ప్రాచీన పారశీక ఆస్థాన నృత్యం' అంటాయి. ఆ మాట నేను నమ్మను. కజార్ రాజుల కాలపు చిత్రాల్లో తలకిందులుగా చేతుల మీద నిలిచిన నర్తకులున్నారు. కానీ చిత్రం భంగిమను నిలుపుతుందే తప్ప కదలికల వరసను నిలపలేదు. వేదిక మీద మనం చూసేదంతా దాదాపు కొత్త కూర్పే. దాన్ని కొత్తదని చెప్పుకోవడంలో గౌరవమే ఉంది. ఒంటరిగా, ఆశువుగా సాగేదాన్ని బృందానికి కూర్చడం మామూలు పని కాదు. పదిమందీ ఒకేసారి ఒకేలా మణికట్టు తిప్పితే అందం మిగులుతుంది, కొంటెతనం పోతుంది. తెలిసిన నర్తకి కూర్పు మధ్యలో ఖాళీలు వదులుతుంది. అక్కడ ఎవరి ఆట వాళ్లది.

2018లో ఇరాన్‌లో ఒక యువతిని తన నాట్యం వీడియోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినందుకు నిర్బంధించి, ప్రభుత్వ టీవీలో ఆమె చేత తప్పు ఒప్పించారు. జవాబుగా ఎందరో ఇరానీ స్త్రీలు తామూ ఆడి, ఆ వీడియోలు బయటపెట్టారు. వాటికి కూర్పు లేదు, రిహార్సల్ లేదు. అమ్మల దగ్గర చూసి నేర్చిన ఆటే, ఈసారి అందరి కళ్ల ముందూ.