పట్టాలెక్కించిన న్యాయం

తుర్కయంజాల్‌కి రైలు లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి సాగర్ రోడ్డు మీదుగా ఇబ్రహీంపట్నం వెళ్ళే బస్సులే మాకు దిక్కు. అలాంటి ఒక బస్సులో కూర్చుని అనువాదం దిద్దుకుంటుంటే నాకు రైలు అడ్డొచ్చింది. అమెరికా జైళ్ళలో ఉన్న నల్లజాతి స్త్రీల గురించిన వ్యాసం అది. వాళ్ళని 'రైల్‌రోడ్' చేశారని రాసింది రచయిత్రి. మొదటి ప్రతిలో నేను తొందరపడి 'పట్టాలెక్కించారు' అని రాసేశాను.

మన భాషలో పట్టాలెక్కించడం మంచి పని. ఆగిపోయిన పథకాన్ని పట్టాలెక్కిస్తారు. చెదిరిన సంసారాన్ని పట్టాలెక్కిస్తారు. ఇంగ్లీషులో ఆ క్రియ అర్థం వేరు. మనిషి మాట వినకుండా, సాక్ష్యం సరిచూడకుండా, ముందే ఖాయం చేసుకున్న చోటికి హడావిడిగా తోసెయ్యడం. నేరం అంటగట్టి జైలుకి పంపడానికీ ఆ మాటే, ఇష్టం లేని ఒప్పందానికి తల ఊపించడానికీ ఆ మాటే. అమెరికాలో రైలు దారులు పరుచుకున్న పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టింది. ఆ బండి ఎక్కించిన మనిషి దారి మార్చలేడు, మధ్యలో దిగలేడు.

సరిపోయే తెలుగు మాట కోసం చాలా వెతికాను. 'బనాయించడం'లో అబద్ధం ఉంది, వేగం లేదు. 'ఇరికించడం'లో ఒక దుర్మార్గుడు కనిపిస్తాడు, వ్యవస్థ కనిపించదు. 'మెడలు వంచడం' మన ఆడపిల్లలకి బాగా తెలిసిన మాటే కానీ, అందులో ఫైళ్ళూ వాంగ్మూలాలూ లేవు. రైల్‌రోడ్ చెయ్యడానికి ప్రత్యేకంగా దుర్మార్గుడు అక్కర్లేదు. స్టేషన్లో ఒకరు, ఆస్పత్రిలో ఒకరు, కోర్టులో ఒకరు ఎవరి సంతకం వాళ్ళు పెడితే చాలు. బయట చప్పట్లు కొట్టేవాళ్ళు ఉంటే మరీ సులువు.

ఆ చప్పట్ల దగ్గరే నాకు కలం ఆగింది. 2007 డిసెంబరులో, మా ఇబ్రహీంపట్నం కాదు, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో, ఆడపిల్లల హాస్టల్లో అయేషా మీరా అనే ఫార్మసీ విద్యార్థినిని అత్యాచారం చేసి చంపేశారు. 2008 ఆగస్టులో సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి అతను ఎనిమిదేళ్ళు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో కేసు సీబీఐకి వెళ్ళింది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆ పిల్ల సమాధిని తవ్వి మళ్ళీ పోస్టుమార్టం చేశారు.

ఇన్నేళ్ళూ అయేషా తల్లి ఒకటే మాట చెబుతూ వచ్చింది, ఇతను కాదు అని. బిడ్డని పోగొట్టుకున్న తల్లి, ముద్దాయి పక్షాన నిలబడింది. హత్య జరిగినప్పుడు నేనూ కోపంతో ఒక కవిత రాశాను. అరెస్టు వార్త చూసి 'హమ్మయ్య, దొరికాడు' అనుకున్నాను. స్త్రీ మాట నమ్మండి అని సభల్లో చెప్పే నేను, ఆ తల్లి మాట వినలేదు. ఆమె మాట నా కోపానికి అడ్డం. నాకు న్యాయం కంటే ముందు ఒక ముఖం కావలసి వచ్చింది.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర దిశ ఘటన తర్వాత చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చేశారు. జనం పూలు చల్లారు. ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగ్గది కాదని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ బండికి దారిలో కోర్టు అనే స్టేషన్ కూడా లేదు.

ఇవే పట్టాల మీద స్త్రీలనీ తోశారు. 1978లో నల్లకుంట పోలీసుస్టేషన్లో తనమీద జరిగిన అత్యాచారం గురించీ, పోలీసు దెబ్బలకి చనిపోయిన భర్త గురించీ రమీజాబీ నోరు విప్పింది. వెంటనే ఆమె నడతే విచారణకి వచ్చింది. పోలీసులది తప్పని జస్టిస్ ముక్తదర్ కమిషన్ చెప్పినా, కేసు రాయచూరుకి బదిలీ అయి అక్కడ వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. ఫిర్యాదు చేసిన మనిషికే కళంకం మిగిలింది.

ఓల్గా 'విముక్త'లో అహల్య సీతతో విచారణకి ఒప్పుకోవద్దంటుంది. మొదటిసారి చదివినప్పుడు అది స్త్రీ ఆత్మగౌరవ ప్రకటనగానే తోచింది. ఇప్పుడు చదివితే ఇబ్బందిగా ఉంది. సత్యంబాబుకి కావలసింది విచారణే కదా, సరైన విచారణ. అయేషాకి కావలసిందీ అదే. అహల్య కాదన్నది తీర్పు ముందే రాసిపెట్టుకుని పిలిచే విచారణని అని నేనిప్పుడు అర్థం చేసుకుంటున్నాను. ఆ తేడా చెప్పకపోతే మన విమర్శ సగంలోనే ఆగిపోతుంది. స్త్రీల మీద ముందస్తు తీర్పుల్ని ఎండగట్టే మనం, స్త్రీల పేరుతో ఇచ్చే ముందస్తు తీర్పులకి మౌనంగా ఉండిపోతాం.

చివరికి అనువాదంలో పట్టాలు తీసేశాను. 'చెప్పేది వినకుండా హడావిడిగా జైలుకి తోసేశారు' అని రాశాను. ఒక్క క్రియకి ఇన్ని మాటలా అన్నారు ప్రతి చూసిన మిత్రురాలు. పొడుగేమరి. 'చెప్పేది వినకుండా' అన్నది మాత్రం తియ్యనన్నాను. ఆ మాట రాస్తున్నప్పుడు నా కళ్ళముందున్నది అమెరికా జైలు కాదు, తెనాలిలోని ఆ తల్లి.