మాస్టర్ క్లాస్: నాటకంలో చూసేది, రికార్డులో వినేది

ఒక విద్వాంసుడు శ్రోతల ఎదుట ఒక్కొక్క విద్యార్థిని పిలిచి, పాడించి, అక్కడికక్కడే దిద్దే పాఠాన్ని పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో మాస్టర్ క్లాస్ అంటారు. ఇది సరళీస్వరాలు నేర్పే తరగతి వంటిది కాదు. మన గురుముఖ పద్ధతిలో గురువు పాడిన సంగతిని శిష్యుడు తిరిగి పాడుతూ పట్టుకుంటాడు. ఇక్కడ విద్యార్థి రచనను ముందే నేర్చుకొని వస్తాడు, అతడే ముందు పాడతాడు. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

సుప్రసిద్ధ ఒపెరా గాయని మరియా కాలస్ 1971 అక్టోబరు నుంచి 1972 మార్చి వరకు న్యూయార్క్‌లోని జూలియార్డ్ స్కూల్‌లో ఇటువంటి తరగతులు నిర్వహించారు. అప్పటికి ఆమె గాత్రం బాగా దెబ్బతిన్నది. ఆ తరగతుల రికార్డులు దొరుకుతున్నాయి. వాటి నేపథ్యంతో టెరెన్స్ మెక్‌నాలీ రాసిన 'మాస్టర్ క్లాస్' నాటకం 1995లో బ్రాడ్వే రంగస్థలానికి వచ్చి గొప్ప పేరు తెచ్చుకున్నది.

నాటకంగా అది బలమైన రచనే. కాని సంగీత బోధన గురించి అది ఇచ్చే అవగాహన మాత్రం పాక్షికమని నా అభిప్రాయం. అందులో సోఫీ అనే అమ్మాయి నోరు తెరిచీ తెరవకముందే కాలస్ ఆపేస్తుంది. విద్యార్థులు పాడుతుంటే ఆమె తన గత వైభవంలోకీ, ఒనాసిస్‌తో గడిపిన జీవితంలోకీ జారిపోతుంది. చివరికి షారన్ అనే విద్యార్థిని ఎదురు తిరిగి వెళ్ళిపోతుంది. ప్రేక్షకుడికి గురువు అహం, గాయం రెండూ తెలుస్తాయి. షారన్ పాటలో ఏ మాట ఎందుకు పండలేదో మాత్రం గుర్తుండదు.

రికార్డులు వింటే వేరే మనిషి వినిపిస్తారు. స్వీయగాథ దాదాపు లేదు. ఉన్నదంతా పని: ఈ అక్షరం మీద ఊనిక చాలదు, ఇక్కడ లయ జారింది, ఈ మాటకు అర్థం తెలిసి పాడుతున్నావా? వెర్డీ రాసిన 'రిగొలెట్టో'లో కూతురిని ఎత్తుకుపోయిన ఆస్థానికుల మీద ఒక తండ్రి మండిపడే పాట ఉన్నది. పురుష గాత్రానికి రాసిన ఆ పాటను నేర్పుతూ కాలస్ తానే అందుకొని పాడి చూపుతారు. గొంతు అరిగినదే. అయినా ఆ కోపం, దాని వెనుక వేడుకోలు మాటమాటలో పలుకుతాయి. నాటకకర్త వదిలేసిన అసలు నాటకం ఇదే అనిపిస్తుంది నాకు.

ఏథెన్స్‌లో విద్యార్థినిగా ఉన్నప్పుడు కాలస్ తన గురువు ఎల్విరా దె ఇదాల్గో తరగతికి పొద్దున్నే వెళ్ళి, మిగతావారి పాఠాలన్నీ విని, చివరి విద్యార్థితోపాటు లేచేవారు. తన గాత్రానికి చెందని రచనలు కూడా ఆమె అలా వింటూ నేర్చుకున్నారు. మాస్టర్ క్లాస్‌లో సభలో కూర్చున్నవారికి దక్కేది ఈ అవకాశమే. దూరవిద్యలో రికార్డు వినే మీకూ అంతే.

దీనికి హద్దు లేకపోలేదు. సభలో అరగంట దిద్దుబాటుతో శ్వాసను నిలిపే అలవాటు మారదు, దానికి రోజూ దగ్గర కూర్చోబెట్టుకొని వినే గురువు కావాలి. ఇక రికార్డు మీ తప్పును అసలు వినలేదు. కాబట్టి వినేటప్పుడు విద్యార్థి మొదట పాడిన చరణం దగ్గర ఆపండి. ఏం దిద్దాలో మీరే రాసుకొని, ఆ తరువాత కాలస్ ఏం చెప్పారో వినండి.