ఊలు పోగుల్లో పాంచాక్స్ గుడ్లు

హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లకు బకెట్లు తెల్లచారలు కడతాయి. ఆ నీళ్లతోనే, రెండడుగుల గాజు తొట్టిలోనే, గుడ్డు దశ నుంచి పెంచుకోగలిగే చేప ఏదని ఎవరడిగినా నేను కిల్లీఫిష్ పేరే చెబుతాను. అందులోనూ ముందు మన దేశపు పాంచాక్స్‌తో మొదలుపెట్టమంటాను.

1822లో హామిల్టన్ అనే శాస్త్రవేత్త గంగానది చేపల మీద వేసిన పుస్తకంలో వర్ణించిన చేప ఇది. కాలవల్లో, వరిమళ్లలో, కాస్త ఉప్పు తగిలిన నీళ్లలో కూడా బతుకుతుంది. నోరు పైకి తిరిగి ఉంటుంది, నెత్తిన వెండిచుక్క మెరుస్తుంది. నీటి పైపొరలోనే తిరుగుతూ దోమపిల్లల్ని ఏరుకు తింటుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఆ తర్వాత దోమల కోసమని పరాయి దేశపు గంబూసియాను తెచ్చి చెరువుల్లో వదిలారు. అది దోమపిల్లలతో ఆగదు, తోటి చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుంది. ఇంట్లో తామర కుండీకి పాంచాక్స్ జంట చాలు.

గుడ్లు పెట్టించడం చాలా తేలిక. సుల్తాన్ బజార్‌లో ముదురాకుపచ్చ ఆక్రిలిక్ ఊలు ఉండ ఒకటి కొనండి. జానెడు పోగులుగా కత్తిరించి, రంగు దిగడం ఆగేదాకా మరిగించి కడిగి, ఒక కొస ముడేసి థర్మోకోల్ ముక్కకు కట్టి తేలనివ్వండి. ఒక మగచేపకు రెండు ఆడచేపలు ఉండాలి. పోగుల మధ్య ఆడది రోజూ కాసిని గుడ్లు అంటిస్తుంది. ఊలు పిండి వెలుతురులో పోగులు విడదీస్తే, ఆవగింజంత గాజుపూసల్లా కనిపిస్తాయి. పెంకు గట్టిది కాబట్టి వేళ్లతోనే తీయవచ్చు. తెల్లబడ్డవి పారేసి, మిగతావి ఐస్‌క్రీమ్ డబ్బాలో అదే తొట్టి నీళ్లు పోసి, ఒక చుక్క మిథిలీన్ బ్లూ కలిపి ఉంచాలి. కొన్నాళ్లకు గుడ్డులో కళ్లు నల్లగా తేలతాయి, సుమారు రెండు వారాలకు పిల్లలు బయటికొస్తాయి. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన ఆర్టీమియా అనే ఉప్పునీటి రొయ్యపిల్లలు వాటికి మంచి మేత. పెద్దపిల్లలు చిన్నవాటిని మింగుతాయి, వేరు చేయక తప్పదు. మూత మరవకండి, ఇవి ఎగిరి బయట పడతాయి. మే నెలలో తొట్టిని ఎండ తగిలే బాల్కనీలో ఉంచకండి.

చేయి తిరిగాక ఆఫ్రికా నోథోబ్రాంకియస్‌ల జోలికి వెళ్లవచ్చు. అవి వానాకాలపు గుంటల్లో పుట్టి, గుంట ఎండేలోగా గుడ్లు పెట్టి చచ్చిపోతాయి. ఎండిన మట్టిలో నెలల తరబడి దాగిన గుడ్ల నుంచి తొలకరికి పిల్లలు వస్తాయి. అందుకే పెంపకందార్లు కాస్త చెమ్మ ఉన్న పీట్‌ మట్టిలో గుడ్లు ఉంచి కవర్లో పోస్టు చేసుకుంటారు. వీటిలో ఫర్జెరీ అనే జాతి కొద్ది నెలలే బతుకుతుంది కాబట్టి, జర్మనీలోని కొలోన్‌లో ముసలితనం మీద పరిశోధనలకు దాన్ని పెంచుతున్నారు.

ఈ పెంపకందార్లలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది వాళ్ల చీటీ. జాతి పేరు పక్కన ఏ వాగులో, ఏ ఊరి దగ్గర పట్టారో రాస్తారు. రెండు ఊళ్ల చేపల్ని కలపరు. సొంత వాగు ఎండినా ఆ వంశం తొట్టిలో నిలవాలని వాళ్ల తాపత్రయం. అన్నిసార్లూ అది సాగదు. మెక్సికోలో ఊటలు ఎండి 1994 నాటికి కాటరీనా పప్‌ఫిష్ అనే కిల్లీఫిష్ అక్కడ మాయమైంది, తొట్లలో మిగిలిన ఆఖరి చేప 2014లో పోయింది.

మీరూ డబ్బా మీద తేదీ, చేప వచ్చిన చోటు రాయండి. పిల్లలు ఎక్కువైతే తోటి పెంపకందార్లకు ఇవ్వండి. హుస్సేన్ సాగర్‌లో మాత్రం వదలకండి.