ఉల్ఫ్‌బెర్ట్ ఖడ్గముద్ర: అక్షరక్రమం సాక్ష్యమా?

యూరప్ ప్రాచీన ఖడ్గాలలో 'ఉల్ఫ్‌బెర్ట్' అనే పేరు గలవి సుమారు 170 లభించాయి. కాల్చిన ఇనుప ముక్కలను అలుగులోనికి సమ్మెటతో అతికి ఆ అక్షరాలను తీర్చారు. ఇవి క్రీ.శ. 9 నుండి 11వ శతాబ్దం వరకు విస్తరించినందున, ఆ పేరు ఒకే కమ్మరి సంతకం కాజాలదు.

లోహచరిత్ర పరిశోధకుడు ఆలన్ విలియమ్స్ 2009లో ప్రకటించిన పరిశీలన ఈ చర్చను మలుపు తిప్పింది. పేరుకు ముందొక శిలువ, చివరి 'టి' అక్షరానికి ముందు మరొక శిలువ ఉన్న కత్తులలో అధిక కర్బన ఉక్కు ఎక్కువగా కనిపించింది. రెండవ శిలువ 'టి' తరువాత ఉన్నవాటిలో లోహం తక్కువ రకానిది. కనుక మొదటివి అసలైనవని, రెండవవి అనుకరణలని ఆయన ప్రతిపాదన.

ఇందులో విలువైనది లోహపరీక్ష; బలహీనమైనది 'అనుకరణ' అనే నిర్ణయం. మేలైన లోహం ఉన్నది అసలుది, అసలుది గనుక లోహం మేలైనది అనే వర్తులతర్కం ఇక్కడ పొంచి ఉంది. ఒకే పేరును ఒకే విధంగా రాయాలన్నది అచ్చుయంత్రం అలవరచిన పట్టింపు. అదీగాక, పేరుకు ముందు శిలువ ఉంచడం నాటి బిషప్పుల, మఠాధిపతుల ఆచారమని యాన్ స్టాల్స్‌బర్గ్ 2008లోనే గుర్తుచేశారు. ఆ దృష్టితో చూస్తే ముద్ర కమ్మరిది కాక, పని చేయించిన అధికారిది కావచ్చు.

తరువాతి కాలపు ముద్రలూ ఇదే హెచ్చరిక చేస్తాయి. పస్సావు కమ్మరుల 'పరుగెత్తే తోడేలు' గుర్తును జోలింగెన్ కమ్మరులూ వాడారు. 16వ శతాబ్దపు ఇటలీ కమ్మరి ఆంద్రియా ఫెరారా పేరు తరువాతి స్కాట్లండ్ కత్తులపై కనిపిస్తుంది. ఆ అలుగులలో అధికభాగం జర్మనీవే. కొనుగోలుదారుకు ఆ పేరు నాణ్యతకు హామీ, అంతే.

విలియమ్స్ మరొక ఊహ కూడా చేశారు: ఆ మేలైన ఉక్కు వోల్గా మార్గంలో తూర్పు నుండి వచ్చిన మూస ఉక్కు కావచ్చని. తెలుగు పరిశోధకులకు ఇక్కడ నిజామాబాదు జిల్లా కోనసముద్రం స్ఫురించడం సహజం. కానీ అక్కడి ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చిన వృత్తాంతం 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలది. నడుమ ఏడు వందల ఏళ్లకు పైబడిన ఎడం ఉంది. దానిని పూడ్చే ముద్ర ఏదీ ఆ అలుగులపై లేదు.